అప్‌డేట్: ఫార్మాట్ చేయకుండానే గండం గడిచింది

పోయిన వారం నేను అడిగినది ఇది: ఇంట్లోని విండోస్ కంప్యూటర్‌లో తెర కుడి మూల ‘5 వైరస్‌లు దొరికాయి’ అని మాటిమాటికీ హెచ్చరికలు, ఏది వెతికినా ఊరూ పేరూ తెలియని సైటు తెరుచుకోవడం, ఫ్యాను మోత. ఫార్మాట్ చేయక తప్పదా? తప్పింది.

ఆ హెచ్చరికలు విండోస్‌వి కానే కావు. ఏదో సైటు నోటిఫికేషన్లు పంపవచ్చా అని అడిగితే మా అబ్బాయి ‘అనుమతించు’ నొక్కాడు. క్రోమ్ సెట్టింగులలో ఆ అనుమతి తీసేయగానే గోల ఆగింది. (నొక్కింది నేనేనని వాడి వాదన.)

వెతుకులాట దారి మళ్ళడం మాత్రం ఆగలేదు. మీరు చెప్పిన డిఫెండర్ (విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్) ఆఫ్‌లైన్ స్కాన్ విండోస్ మొదలవకముందే పావుగంట గాలించి ఏమీ లేదంది. అసలు ఆనవాలు క్రోమ్ మెనూ అడుగున ఉంది: ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’. ఇంటి కంప్యూటర్‌కు సంస్థ ఎక్కడిది? పీడీఎఫ్‌లు మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ వెంట వచ్చిన ఎక్స్‌టెన్షన్ (క్రోమ్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం), విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో పాలసీ (సంస్థలు తమ కంప్యూటర్లకు పెట్టే తరహా నిబంధన) రాసుకుని తిష్ఠ వేసింది. క్రోమ్‌లో దాన్ని తొలగించే బటన్ పనిచేయనిది అందుకే. ఆ సాఫ్ట్‌వేర్‌ను తీసేసి, రిజిస్ట్రీ బ్యాకప్ చేసుకుని, క్రోమ్ పాలసీల కింద ‘ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్ లిస్ట్’ (బలవంతంగా ఎక్కించే ఎక్స్‌టెన్షన్ల జాబితా) చెరిపాక వదిలింది.

పాస్‌వర్డులన్నీ ఫోను నుంచి మార్చాను, బ్యాంకుది ముందుగా. హెచ్చరికలో ఇచ్చిన నంబరుకు నాన్నగారు ఫోను చేయబోతుండగా ఆపగలిగాను; లేకపోతే ఈపాటికి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేస్తూ ఉండేవాళ్ళం.

ఫ్యాను మోత మాత్రం అలాగే ఉంది. దుమ్మే అయి ఉంటుంది, ఆదివారం విప్పి చూస్తాను.