మార్బుల్‌లా ఉండే పోర్సలిన్ టైల్స్: మెరిసేవా, మ్యాట్‌వా?

రెండో అంతస్తు:
హాలుకీ, దాన్నానుకున్న డైనింగ్‌కీ కలిపి ఒకే ఫ్లోరింగ్ వేయిద్దామనుకుంటున్నాం. అసలు మార్బుల్ వద్దని ఇంట్లో అందరం ఒప్పుకున్నాం, మాటిమాటికీ పాలిష్ పట్టించే ఓపిక ఎవరికీ లేదు. తెలుపు మీద బూడిదరంగు చారలున్న పోర్సలిన్ నచ్చింది, 600 × 1200 మి.మీ. అదే డిజైన్ మెరిసేదీ ఉంది, మ్యాట్‌దీ ఉంది. మా అత్తగారు కర్ర పట్టుకుని నడుస్తారు, అందుకని నాకు మ్యాట్ వైపే మనసు. మా ఆయనేమో మెరవకపోతే అది మార్బుల్ ఎలా అవుతుందంటున్నారు. ఇంకోటి: తెలిసినవాళ్లు ఇలాంటివే వేయించారు, గడపలో నిలబడగానే టైల్స్ అని తెలిసిపోతోంది. షోరూంలో మాత్రం అచ్చం రాయిలాగే ఉన్నాయి. తేడా ఎక్కడొస్తోంది?

రసమట్టం:
టైల్స్ పని చేయించడమే నా బతుకుతెరువు. రెండో ప్రశ్న ముందు తేలుద్దాం, అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఆ చారలు గ్లేజ్‌లో, అంటే టైల్ మీది గాజులాంటి పూతలో, కలిపి కాల్చిన ప్రింటు. ఒక్కో డిజైన్‌కి కంపెనీ కొన్ని వేర్వేరు బొమ్మలు చేస్తుంది, వాటిని ఫేస్‌లంటారు. నాలుగే ఫేస్‌లున్నది పెద్ద హాల్లో పరిస్తే అదే చార, అదే వంపు నాలుగడుగులు వేయగానే మళ్లీ ఎదురొస్తుంది. షోరూంలో మీరు చూసింది ఒకటో రెండో పలకలు, అక్కడ ఏదైనా రాయిలాగే ఉంటుంది.

"దీనికి ఎన్ని ఫేస్‌లు?" అని అడగండి. నీళ్లు నమిలితే నాలుగైదు బాక్సులు విప్పించి, నేల మీద పరిపించి, నిలబడి చూడండి. చార ఎంత కొట్టొచ్చినట్టుంటే రిపీటు అంత తొందరగా దొరికిపోతుంది. ఫేస్‌లు తక్కువైతే సన్నచారలదో, మబ్బుమబ్బుగా ఉన్నదో తీసుకోండి. అంటించే రోజున కూడా బాక్సులోంచి వచ్చింది వచ్చినట్టు వేసుకుపోనివ్వొద్దు. కొన్ని బాక్సులు కలిపేసి, ముందు ఉత్తినే పరిచి, కొన్నిటిని తలకిందులు చేసి చూసుకున్నాకే అంటించమనండి. మేస్త్రీ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

అంచులు రెక్టిఫైడ్ అయితే, అంటే కాల్చాక కచ్చితమైన కొలతకి కోసినవైతే, టైల్స్ మధ్య సందు కోసం పెట్టే స్పేసర్ 2 మి.మీ.ది చాలు. సందే లేకుండా వేస్తాననేవాణ్ణి మాత్రం నమ్మకండి, నేల ఏ కాస్త కదిలినా అంచులు పెచ్చులూడతాయి. ఆ సందుల్లో నింపే గ్రౌట్ రంగు టైల్ తెలుపుకి దగ్గరగా ఉండాలి, చారకి కాదు. సిమెంటు గ్రౌట్ తెల్లదైతే నడిచే దారిలో నల్లబడుతుంది, ఎపాక్సీ, అంటే రెసిన్‌తో చేసిన గ్రౌట్, నయం.

తడిగుడ్డ:
కర్రతో నడిచేవాళ్లున్నప్పుడు ఇంక మాట్లాడేదేముందండీ, మ్యాటే. మెరిసేది పొడిగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, తుడిచిన వెంటనే కర్ర కింద రబ్బరు జారుతుంది. పైగా కిటికీ వెలుగు పడేచోట గుడ్డ చారికలన్నీ కనిపిస్తాయి. అలాగని మరీ గరుకుదీ వద్దు, మురికి పట్టి వదలదు. శాటిన్ మ్యాట్ అని ఉంటుంది, వేలితో రాస్తే నున్నగానే ఉంటుంది కానీ అద్దంలా మెరవదు. మీ ఆయన కూడా సర్దుకుంటారు. ఆర్9, ఆర్10 అని రాసి ఉంటే చూడండి, అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. ఒక శాంపిల్ తెచ్చి, తడిపి, మీ అత్తగారి కర్రే ఆనించి చూస్తే సరి.

రెండో అంతస్తు:
ఇద్దరికీ థాంక్సండీ. మా మేస్త్రీ సిమెంటు పాలు పోసి అంటిస్తానంటున్నాడు. పర్లేదా?

రసమట్టం:
వద్దమ్మా. పోర్సలిన్ నీళ్లు పీల్చేది 0.5 శాతానికి మించదు, ఉత్త సిమెంటు దాన్ని గట్టిగా పట్టుకోదు. కొన్నాళ్లకి తడితే డొల్ల శబ్దం వస్తుంది. పాలిమర్ కలిసిన టైల్ అడెసివ్ వాడమనండి, పళ్ల తాపీతో నేలకి గీసి, టైల్ వెనక కూడా పల్చగా పూయాలి. ఇటుక కట్టులా సగానికి సగం జరిపి వేయనివ్వకండి. పొడుగు టైల్ కొలిమిలో నడుమ కొద్దిగా వంపు తిరుగుతుంది, ఆ ఎత్తు పక్క టైల్ అంచు దగ్గరకొచ్చి చిన్న మెట్టవుతుంది. కర్రకి తగిలేది అదే. నేరుగా వేయించండి.

బాక్సులన్నిటి మీదా షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఒకటేనా అని దించుకునేటప్పుడే చూసుకోండి. పదిశాతం ఎక్కువ తెప్పించి, మిగిలినవి దాచండి. తర్వాత అదే డిజైన్ దొరికినా అదే షేడ్ దొరకడం కష్టం.