స్కాన్ రిపోర్టులో రేడియేషన్ డోసు రాయాలా, వద్దా?

పొదిలి_రైతుబిడ్డ: నాన్నకి కిడ్నీలో రాయి. ఒంగోలులో సీటీ తీశారు. నాలుగు రోజులకు నెల్లూరు పొగతోటలో ఇంకో డాక్టరు మళ్లీ తీయించారు. రెండో సీడీలో డీఎల్‌పీ (స్కాన్ మొత్తానికి వాడిన రేడియేషన్ కొలతంట) 1,240 అని ఉంది, రిపోర్టు కాగితంలో ఆ ఊసే లేదు. దీనికి పరిమితి ఎంత?

ఎక్స్‌రే_గది: పేషెంటుకు పరిమితి ఉండదన్నా. మాలాంటి సిబ్బందికి ఉంది, ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి పడే రేడియేషన్ లెక్క). మీకు ఉండేది రిఫరెన్స్ లెవల్. రేడియేషన్ రక్షణ మీద సలహాలిచ్చే అంతర్జాతీయ సంస్థ ఐసీఆర్‌పీ 1996లో తెచ్చిన మాట. చాలా సెంటర్లలో ఒకే పరీక్షకు, మధ్యరకం ఒళ్లున్న పేషెంట్ల డోసులు కొలుస్తారు. ఒక్కో సెంటరు మీడియన్ (డోసుల్లో సరిగ్గా నడిమి అంకె) తీసి వరసన పెడితే, నూటికి 75 సెంటర్లు ఏ అంకె లోపు ఉన్నాయో అదే లెవల్. మా మీడియన్ దాన్ని దాటుతుంటే సెట్టింగులు సరిచూసుకోవాలి. ఒక్క మనిషిని దాంతో కొలవకూడదు.

పొదిలి_రైతుబిడ్డ: ఇంతకీ 1,240 ఎక్కువా, కాదా?

ఎక్స్‌రే_గది: ప్లెయిన్ ఒకటేనా, మందు ఎక్కించి కూడా తీశారా? ఒక్కో విడత తీయడాన్ని ఫేజు అంటాం, ఫేజు ఫేజుకీ డీఎల్‌పీ కూడుతుంది. మనిషి లావైతే ఇంకా పెరుగుతుంది.

పొదిలి_రైతుబిడ్డ: మా నాన్న 52 కేజీలు. ఎక్కువా, కాదా?

కావలి_సుబ్బు: విమానం ఎక్కినా రేడియేషనే తమ్ముడూ, వదిలెయ్.

పెన్నాగట్టు: విమానంతో పోలికేంది సామీ! పొట్ట సీటీకి డీఎల్‌పీని 0.015తో గుణిస్తే మిల్లీసీవర్టులు సుమారుగా వస్తాయి. ఇక్కడ 18.6. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి వచ్చేది ప్రపంచ సగటున 2.4 నుంచి 3.

పొదిలి_రైతుబిడ్డ: మీకు ఏడాదికి 20, మా నాన్నకు ఒక్కరోజులో 18.6! అందుకేనా కాగితం మీద రాయంది?

ఎక్స్‌రే_గది: అది సగటు మనిషి నమూనా మీద వేసే లెక్క, మీ నాన్నది కాదు. ఇదిగో, ఇట్లా టెన్షన్ పడతారనే రాయొద్దంటాను. అంకె చూసి భయపడి, కావాల్సిన స్కాన్ మానుకున్నవాళ్లు నాకు తెలుసు.

పొదిలి_రైతుబిడ్డ: భయపడాలో లేదో మేం చూసుకుంటాం. దాచడానికి నువ్వెవరు?

ఎక్స్‌రే_గది: దాస్తే సీడీలో ఎందుకుంటుంది? ఒకటి చెప్పు, రెండో డాక్టరు మొదటి సీడీ చూశాడా?

పొదిలి_రైతుబిడ్డ: కవరు కూడా విప్పలేదు.

ఎక్స్‌రే_గది: అదీ సంగతి. లెవల్ చెప్పేది ఎంత డోసుతో తీశామనే, ఎందుకు తీశామని కాదు. డోసు లెవల్ కిందే ఉన్నా అక్కర్లేని స్కాన్ దండగే. రాయి చూడటానికి తక్కువ డోసు ప్లెయిన్ సరిపోతుంది చాలాసార్లు. కానీ డాక్టరు చీటీలో మూడు ఫేజులు రాసొస్తే మేం కాదనగలమా? కాదంటే రేపటి నుంచి చీటీలు ఎదుటి సెంటరుకు పోతాయి. చీటీ రాసింది నేను కాదు, తిట్లు మాత్రం నాకు.

పొదిలి_రైతుబిడ్డ: ఆయన్ని అడిగితే బయట కూర్చోమన్నాడు. నువ్వు జవాబన్నా ఇస్తున్నావు.

కావలి_సుబ్బు: ఇంతకీ రాయి పడిందా?