టీజీఎఫ్-బీటా ఇవ్వకుండానే ఫైబ్రోబ్లాస్టులు ఎందుకు మారిపోతున్నాయి?

ప్రశ్న:
నమస్కారం. నేను ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్‌పై (కణజాలం మచ్చకట్టి గట్టిపడే జబ్బుపై) పనిచేస్తున్న పరిశోధక విద్యార్థినిని. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తుల నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్టులను (కొల్లాజెన్ వంటి పోగులను తయారుచేసే కణాలను) మామూలు ప్లాస్టిక్ డిష్‌లో పెంచి, సగం వాటికి టీజీఎఫ్-బీటా (ఈ కణాలను మచ్చకట్టే రకంగా మార్చే సంకేత ప్రోటీన్) ఇచ్చి, మిగతా సగాన్ని కంట్రోల్‌గా ఉంచాను. రంగు వేసి చూస్తే, ఏమీ ఇవ్వని కణాల్లోనూ, ఆ మార్పుకు గుర్తైన ఆల్ఫా స్మూత్ మజిల్ ఆక్టిన్ పోగులు బారులు తీరి కనిపిస్తున్నాయి. పోషకద్రవంలో సీరం తగ్గించాను, కణాల కొత్త వయల్ (సీసా) తెరిచాను, అయినా ఫలితం మారలేదు. పొరపాటు ఎక్కడ జరుగుతోంది?

జవాబు 1:
పొరపాటు మీ చేతిలో లేదండి, డిష్‌లో ఉంది. ఆరోగ్యకరమైన ఊపిరితిత్తి కణజాలం గట్టిదనం సుమారు 2 కిలోపాస్కల్స్, ఫైబ్రోసిస్ సోకినచోట సుమారు 16, మీ డిష్ ప్లాస్టిక్ అయిన పాలిస్టైరీన్‌ది దాదాపు 30 లక్షలు. కణం తాను అతుక్కున్న చోటును లాగి చూస్తుంది. అది ఎంత లొంగకపోతే లోపలి ఆక్టిన్ పోగులను అంత బిగిస్తుంది. పైగా, కణాలు స్రవించే టీజీఎఫ్-బీటా చుట్టూ ఉన్న మాతృకలో (కణాల బయటి పోగుల అల్లికలో) మూటగట్టినట్టు నిద్రాణంగా ఉంటుంది. ఆధారం గట్టిదైతే కణం ఇంటిగ్రిన్లతో (ఆధారాన్ని పట్టుకునే ఉపరితల ప్రోటీన్లతో) లాగినప్పుడు ఆ మూట విడిపోతుంది. మెత్తనిదైతే ఆధారమే సాగిపోయి మూట అలాగే ఉండిపోతుంది. కాబట్టి మీరు పోయని టీజీఎఫ్-బీటాను మీ కంట్రోల్ కణాలే విప్పుకొని ఉండవచ్చు.

జవాబు 2:
పై వివరణతో ఏకీభవిస్తాను. కొల్లాజెన్ పూసిన పాలీఅక్రిలమైడ్ జెల్‌ను 2, 16 కిలోపాస్కల్స్ వద్ద తయారుచేసి పోల్చండి. అయితే ప్లాస్టిక్ మీద వారాల తరబడి పెరిగిన కణాలు మెత్తని జెల్ మీదికి వచ్చాక కూడా పాత అలవాటును కొంతకాలం వదలవు కనుక, తొలి పాసేజీల కణాలనే (కొత్త డిష్‌లోకి కొద్దిసార్లే మార్చినవాటినే) వాడండి. లాగే బలాన్ని కొలవాలనుకుంటే, రెండు సన్నని సిలికాన్ స్తంభాల మధ్య కణాలు కలిపిన కొల్లాజెన్‌ను పోసి ఉంచండి. అది క్రమంగా కుంచించుకుని దారంలా సన్నబడుతూ స్తంభాలను లోపలికి వంచుతుంది. ఎంత వంగాయో చూసి బలాన్ని లెక్కగట్టవచ్చు. మందులు పరీక్షించేటప్పుడు మాత్రం జాగ్రత్త: నీటిలో సరిగా కరగని మందులను ఆ సిలికానే పీల్చేసుకుంటుంది.

జవాబు 3:
గట్టిదనం ఒక్కటే చాలదని నా అభిప్రాయం, ఎందుకంటే ఊపిరితిత్తి నిరంతరం సాగే అవయవం. హార్వర్డ్‌లోని వీస్ సంస్థ 2010లో ప్రకటించిన ఊపిరితిత్తి చిప్‌లో (ఆ అవయవాన్ని అనుకరించే చిన్న పరికరంలో) పలుచని సచ్ఛిద్ర పొరకు ఒకవైపు గాలిగదుల కణాలను, మరోవైపు రక్తనాళ కణాలను పెంచి, పక్క గదుల్లోని గాలిని లాగుతూ పొరను శ్వాసలా సాగదీశారు. 2012లో అదే చిప్‌లో ఇంటర్‌ల్యూకిన్-2 (రోగనిరోధక సంకేత ప్రోటీన్) ఇచ్చినప్పుడు, ఆ సాగుడు తోడైతేనే ద్రవం గాలివైపుకు ఎక్కువగా కారింది. మీరు ముందు జెల్ పని ముగించండి, చిప్ సంగతి తరువాత చూడవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. నా కణాలు ఇప్పటికే ప్లాస్టిక్ మీద ఏడో పాసేజీలో ఉన్నాయి, కాబట్టి ఫ్రీజర్‌లోని రెండో పాసేజీ వయల్‌తో మళ్లీ మొదలుపెడతాను.