"భిన్నంగా ఆలోచించేవారికే"నా, "వారికీ"నా?

తుమ్మెద: వారం నుంచి ఒక వాక్యం బుర్ర తినేస్తోంది. పోలండ్‌లో పుట్టి జర్మనీలో పనిచేసిన విప్లవకారిణి రోజా లక్సెంబర్గ్‌ది. ఎప్పుడో ఒక పాత పత్రిక వెనక అట్ట మీద చదివాను. "స్వేచ్ఛ ఎప్పుడూ భిన్నంగా ఆలోచించేవారికే" అని ఉందా, "వారికీ" అని ఉందా? రెండూ నోటికి బాగానే వస్తున్నాయి. జర్మన్ మూలం చూసినవాళ్లు చెప్పండి.

పాత అటక: "కీ" అంటే వాక్యం చచ్చిపోతుందమ్మా. మనకెలాగూ ఉంది, వాళ్లకీ కాస్త పెడదాం అన్నట్టు ఉంటుంది. ఆవిడ మాట్లాడింది దానధర్మాల గురించి కాదు. దాని ముందు వాక్యం చూడండి. ప్రభుత్వాన్ని బలపరిచేవాళ్లకు మాత్రమే, ఒక పార్టీ సభ్యులకు మాత్రమే ఉండే స్వేచ్ఛ, వాళ్లు ఎంతమందైనా కానీ, స్వేచ్ఛ కాదు అంటుంది. అక్కడ "నూర్" ("మాత్రమే") అనే జర్మన్ మాట రెండుసార్లు పడింది, వెంటనే మన వాక్యంలో మూడోసారి. వాళ్ల "మాత్రమే"ని వాళ్లకే తిప్పికొట్టింది. అవధారణ ఉండి తీరాలి. "కే".

కాకతీయం: మాస్టారూ, "కే" పెడితే ప్రభుత్వంతో ఏకీభవించేవాడికి స్వేచ్ఛ లేదనే అర్థం రాదా? అసలు ఇక్కడ చతుర్థి ఎక్కడిది? "ఫ్రైహైట్ ఇస్ట్ ఇమ్మర్ నూర్ ఫ్రైహైట్ డెస్ ఆండర్స్ డెంకెండెన్". అది షష్ఠి. "భిన్నంగా ఆలోచించేవారి స్వేచ్ఛే స్వేచ్ఛ" అనాలి. ఏత్వం స్వేచ్ఛ మీద పడాలి, మనిషి మీద కాదు.

నిఘంటువు: ఏకవచనం మర్చిపోయారు. మీరిచ్చిన పాఠంలో ఉన్నది ఒక్క మనిషి. "నూర్" లేకుండా బహువచనంతో ఇంకో పాఠం కూడా ప్రచారంలో ఉంది. నా ఓటు ఏకవచనానికే. గుంపుకు స్వేచ్ఛ అడగడం తేలిక, ఒంటరివాడికి అడగడమే కష్టం.

ఇంకో సంగతి. ఈ వాక్యం ఆవిడ రాతప్రతిలో వరసలో లేదు. 1918లో బ్రెస్లౌ జైల్లో రష్యా విప్లవం మీద రాస్తూ ఎడమవైపు మార్జిన్లో రాసుకుంది, ఎక్కడ కలపాలో గుర్తు పెట్టలేదు. ఆవిడ పోయాక 1922లో ఆవిడ సహచరుడు పాల్ లేవీ అచ్చు వేయించాడు. ప్రపంచమంతా వల్లించే మాట ఆవిడ పక్కన గీసుకున్న నోట్సు. అందుకే దాన్ని సూత్రంలా కాదు, పైమాటకు జవాబులా చదవాలి.

స్ప్రే ఒడ్డున: బెర్లిన్ నుంచి. ఇక్కడ రోజా లక్సెంబర్గ్ పేరుతో ఉన్న కూడలిలో ఆవిడ మాటల్ని నేలలోనే పొదిగారు. శిల్పి హాన్స్ హాకే, 2006. నల్లటి కాంక్రీటు పట్టీలు 60, వాటిలో ఇత్తడి అక్షరాలు. ఫుట్‌పాత్ మీద మొదలైన వాక్యం రోడ్డు అడ్డంగా దాటేస్తుంది, మధ్యలో కార్లు పోతుంటాయి. వాక్యం పూర్తి చెయ్యాలంటే సిగ్నల్ పడేదాకా ఆగాలి.

పాత అటక: బాగుంది బాబూ. మళ్లీ ఏత్వానికి వద్దాం. "ఇమ్మర్ నూర్" ("ఎప్పుడూ మాత్రమే")లోని బరువు ఒక్క ఏత్వం మొయ్యగలదా అంటే పోతన్నని అడగండి. "నీవే తప్ప నితఃపరం బెఱుఁగ". "నీవే" చాలదా? చాలదు, "తప్ప" కూడా కావాలి. ఏనుగు మునిగిపోతోంది మరి! ఆ రెట్టింపు పట్టే ఇక్కడా కావాలి. "స్వేచ్ఛ అంటే ఎప్పుడైనా సరే, భిన్నంగా ఆలోచించేవాడిదే తప్ప మరొకటి కాదు."

కాకతీయం: అదే పద్యంలో "రావే", "కావవే" కూడా ఉన్నాయి. ఆ ఏత్వం బతిమాలే ఏత్వం. రోజా ఎవర్నీ బతిమాలలేదు.

పాత అటక: నేను తెచ్చింది "నీవే" ఒక్కటే. అయినా ఆ నాలుగో పాదం చదువుతుంటే ఈ వయసులోనూ గొంతు పట్టేస్తుంది.

గట్టుమీద: వ్యాకరణం సరే, ఆవిడ ఈ మాట మీద చివరిదాకా నిలబడిందా? జైలు నుంచి బయటికొచ్చాక అభిప్రాయం మార్చుకుందని ఆవిడ సహచరులు క్లారా జెట్కిన్, వార్‌స్కీ ఇద్దరూ రాశారు.

నిఘంటువు: సోవియట్‌లకే, అంటే కార్మికుల మండళ్లకే, అధికారం అన్న విషయంలో 1918 చివర్లో రష్యా వైపు జరిగిన మాట నిజం. కానీ జర్మన్ కమ్యూనిస్టు పార్టీ స్థాపన సభలో ఎన్నికల్లో పోటీ చేద్దామని వాదించి ఓడిపోయింది కూడా ఆవిడే. పూర్తిగా మార్చుకుందనడం నాకు నచ్చదు. లెనిన్ 1922లో ఆవిడ తప్పుల జాబితాలో ఈ జైలు రాతనీ చేర్చాడు, ఆవిడ పుస్తకం "మూలధన సంచయనం"నీ చేర్చాడు. చేర్చి, రష్యన్ కథకుడు క్రిలోవ్ నీతికథ చెప్పాడు. గద్ద ఒక్కోసారి కోడి కంటే కిందికి దిగొచ్చు, కోడి మాత్రం గద్ద ఎత్తుకు ఎగరలేదని.

కాకతీయం: ఆ "సంచయనం" గురించి ఎవరూ మాట్లాడరేం? 1913 పుస్తకం. పెట్టుబడి తన లోపలే లాభాన్ని రాబట్టుకోలేదు, బయట రైతు కావాలి, వలస కావాలి అంటుంది. మన దేశంలో ఇంగ్లిషువాళ్లు గ్రామ సమష్టి భూముల్ని ఎలా విరగ్గొట్టారో, నీటి పనుల్ని ఎలా గాలికొదిలేశారో అందులో ఉంది. చెరువులున్న ఊళ్లవాళ్లం, మనం చదవాల్సిన భాగం అది.

గట్టుమీద: సొంత దేశంలో మాత్రం ఆవిడ పరాయిదే. పోలండ్ పరిశ్రమ రష్యా మార్కెట్‌తో ముడిపడిందని జూరిక్‌లో డాక్టరేట్ రాసింది, స్వతంత్ర పోలండ్ వద్దంది. అది వాళ్లు మర్చిపోలేదు. ఆవిడ పుట్టిన ఊరు జామోష్చ్‌లో ఆవిడ పేరున్న ఫలకాన్ని 2018లో తీసేశారు.

స్ప్రే ఒడ్డున: తూర్పు బెర్లిన్‌లో ఇంకా విచిత్రం. 1988 జనవరి 17న అక్కడి కమ్యూనిస్టు సర్కారే జరిపే ఆవిడ స్మారక ఊరేగింపులోనే కొందరు ఈ వాక్యం బ్యానరు మీద రాసుకొని వెళ్తే అరెస్టులు చేశారు. ఆ బ్యానర్ల మీద "నూర్" లేదు, బహువచనమే.

తుమ్మెద: అయితే "కే"నా, "కీ"నా?

పాత అటక: "కే", వెనక "తప్ప" తప్పనిసరి.

కాకతీయం: షష్ఠి.

నిఘంటువు: ఏకవచనం.

స్ప్రే ఒడ్డున: దీనికంటే గట్టి చిక్కు చెప్పనా? తన హత్యకు ముందు రోజు, 1919 జనవరి 14న, రోజా రాసిన వ్యాసంలో చివరి మాట విప్లవం నోట పలికించింది. "ఇష్ వార్, ఇష్ బిన్, ఇష్ వేర్డె జైన్." కవి ఫ్రైలిగ్రాత్ 1851 పద్యంలోది. మూడు కాలాలు. తెలుగులో "ఉన్నాను, ఉన్నాను, ఉంటాను" అవుతోంది. భూతం, వర్తమానం ఒకటైపోయాయి.

నిఘంటువు: "ఉండేదాన్ని" అనొచ్చుగా?

పాత అటక: అంటే ఇప్పుడు లేననే ధ్వని వస్తుంది. ఒద్దు.

కాకతీయం: మా వైపు భూతకాలానికి వేరే రూపం బతికే ఉంది మాస్టారూ. "ఉంటి, ఉన్న, ఉంట." చిక్కేం లేదు.

పాత అటక: "ఉంటి"కీ "ఉంట"కీ మధ్య ఉన్నది గుడి ఒక్కటే. అచ్చులో అది ఊడిపోతే?