సాల్వెంట్ యార్డులో గ్యాస్ డిటెక్టర్లు ఎక్కడ పెట్టించాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. విశాఖ పక్కన పరవాడ దగ్గర ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో సేఫ్టీలో చేరి ఏడాదయింది. టోలీన్, ఎసిటోన్, మెథనాల్ అనే మండే సాల్వెంట్ల ట్యాంకులున్న యార్డు, పక్కన సెంట్రిఫ్యూజ్ గది, పై అంతస్తులో హైడ్రోజన్ వాడే హైడ్రోజనేషన్ గది. ఆరు డిటెక్టర్లు కొన్నారు. కాంట్రాక్టరు ఇచ్చిన డ్రాయింగులో అన్నీ మనిషి తల ఎత్తున, సమాన దూరంలో ఉన్నాయి. రీడింగు చూడ్డానికి తేలిక అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. సోమవారం కేబుల్ లాగుతారు. ఏం చెప్పి ఆపమంటారు?

జవాబు:
తప్పకుండా ఆపించండి. టోలీన్ ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు, ఎసిటోన్‌ది రెండు రెట్లు. కారిందంటే నేల పట్టుకుని పాకి పంపు పిట్‌లోనో, డ్రెయిన్‌లోనో దిగి కూర్చుంటుంది. గాలిలో టోలీన్ 1.1 శాతం ఉంటే చాలు, అంటుకుంటుంది. తల ఎత్తున ఉన్నదానికి తెలిసేసరికి కింద ఆ స్థాయి ఎప్పుడో దాటిపోతుంది. నేలనుంచి 30–45 సెంటీమీటర్ల ఎత్తున, సెన్సరు మొహం కిందికి ఉండేలా బిగించండి. మరీ నేలకు ఆనిస్తే కడిగిన నీళ్లు చిమ్ముతాయి. రీడింగు కోసమే అయితే డిస్‌ప్లే పైన, సెన్సరు కింద విడిగా పెట్టుకునే రకం ఉంది.

హైడ్రోజన్ గదికి ఇదంతా తలకిందులు. అది నేరుగా పైకి పోయి బీముల మధ్య నిలుస్తుంది, డిటెక్టరు అక్కడే ఉండాలి. ఇన్‌ఫ్రారెడ్ రకం మాత్రం వద్దు, దానికి హైడ్రోజన్ అసలు కనపడదు. ఫ్లేమ్‌ప్రూఫ్ సర్టిఫికెట్‌లో ఐఐసీ గ్రూపు (హైడ్రోజన్‌కు పనికొచ్చే గ్రూపు) ఉందో లేదో చూడండి.

మరో జవాబు:
తమ్ముడూ, నేను ముప్పై ఏళ్లు మెయింటెనెన్సులో చేశాను. టేపు పట్టుకుని సమాన దూరాలు కొలవడం కాదు, ఏది ఎక్కడ కారుతుందో ముందు చూడు. పంపు సీలు, ట్యాంకరు హోసు తగిలించే చోటు, శాంపిల్ వాల్వు, సెంట్రిఫ్యూజ్ మూత. రాత్రి షిఫ్టు ఆపరేటర్‌ని వెంటబెట్టుకుని తిరుగు, వాసన ఎక్కడ తగులుతుందో అతనికి తెలిసినంత డ్రాయింగుకు తెలియదు.

తర్వాత గాలి. మీ వైపు పగలు సముద్రం గాలి, రాత్రి నేల గాలి, దిక్కు మారిపోతుంది. నేను చేసిన ఒకచోట డిటెక్టరును బయటి గాలి లోపలికొచ్చే కిటికీ పక్కన పెట్టారు. పంపు కారుతున్నా సున్నా దాటేది కాదు. స్మోక్ ట్యూబుతో, అంటే నిప్పు లేకుండా పొగ వచ్చే చిన్న గొట్టంతో, పొగ వదిలి చూస్తే అటు వైపు పొగే పోలేదు. దాన్ని తీయించి రెండు మీటర్లు జరిపేదాకా నాకు నిద్రపట్టలేదు. అగరుబత్తి వెలిగించి చూద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు, అది నిప్పు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ సార్. మెథనాల్‌కు కూడా కిందేనా? క్యాలిబ్రేషన్ (తెలిసిన గ్యాస్ పట్టి రీడింగు సరిచేయడం) మీథేన్‌తో చేసిస్తామని కాంట్రాక్టరు వాళ్లు అన్నారు.

మొదటి జవాబు ఇచ్చినవారు:
మెథనాల్ ఆవిరి బరువు దాదాపు గాలంతే, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. అందుకని దానికి ఎత్తుకన్నా పంపుకు దగ్గరగా ఉండటం ముఖ్యం. క్యాలిబ్రేషన్ విషయం పట్టుబట్టండి. మీథేన్‌తో సెట్ చేసిన క్యాటలిటిక్ సెన్సరు (ఆవిరిని లోపల కాల్చి కొలిచే రకం) టోలీన్‌ను ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఎల్ఈఎల్‌లో, అంటే ఆవిరి అంటుకోవడానికి కావలసిన కనీస స్థాయిలో, 20 శాతం దగ్గర మోగాలనుకున్నది ఆలస్యంగా మోగుతుంది. దగ్గర్లో సిలికాన్ స్ప్రేలు వాడనివ్వకండి, ఆ సెన్సరు చచ్చిపోతుంది. యార్డులోవి నిచ్చెన లేకుండా చేయి అందేలా ఉంటేనే నెలనెలా టెస్ట్ గ్యాస్ పట్టి చూస్తారు.

ప్రశ్న అడిగినవారు:
ఇవాళ రాత్రి షిఫ్టు అన్నతో తిరిగాను. డ్రెయిన్ మలుపు దగ్గర ఆగి "ఇక్కడే" అన్నాడు. డ్రాయింగులో అక్కడ ఏమీ లేదు. కేబుల్ పని గురువారానికి జరిపారు, స్మోక్ ట్యూబులు తెప్పిస్తున్నాం.