ష్రెడ్డర్ బ్లేడ్లకు సాన షాపులో పట్టించాలా, ఇంట్లో పట్టుకోవాలా?

కొబ్బరితోట:
కోనసీమలో మాది కొబ్బరి తోట. రాలిన మట్టల్ని ట్రాక్టరుకు తగిలించే ష్రెడ్డర్‌లో వేసి, ఆ పొట్టు చెట్ల పాదుల్లో పరుస్తాం. ఈమధ్య ముక్క తెగడం లేదు, పీచు పీచుగా వస్తోంది. మట్టను మిషను లాక్కోవడం మానేసింది, చేత్తో నెట్టాల్సి వస్తోంది. బ్లేడ్లు షాపుకి ఇవ్వనా, ఇంట్లోనే సాన పట్టుకోనా?

గోదారిగట్టు:
షాపుకే ఇవ్వండి. అది గట్టి స్టీలండీ, ఆకురాయి జారుతుంది గానీ కొరకదు. పైగా చేత్తో పడితే అంచు గుండ్రంగా తయారవుతుంది.

వర్క్‌షాప్:
ఆకురాయి విషయం నిజమే. కానీ షాపుల్లో చాలావాటిలో ఉండేది నీళ్లు లేని గ్రైండర్. బ్లేడు అంచు పల్చన. ఒకచోట కాస్త ఎక్కువసేపు ఆనిస్తే నీలం రంగు తిరుగుతుంది, అంటే అక్కడ దాదాపు 300 డిగ్రీల వేడి తగిలిందన్నమాట. ఆ చోట ఆకురాయితో గీసి చూడండి. మిగతా అంచు మీద జారే ఆకురాయి అక్కడ కొరికిందంటే టెంపర్, అంటే స్టీలుకు పెట్టిన గట్టిదనం, పోయినట్టే. అలాంటి అంచు నాలుగు మట్టలకే మొద్దుబారుతుంది, మనం కంపెనీ స్టీలును తిట్టుకుంటాం. డైమండ్ రాయితో ఇంట్లో పట్టుకుంటే ఆ భయం లేదు. ఏటవాలు ఉన్న వైపే, పాత కోణం చెడకుండా రుద్దండి. చదును వైపు అంచున లేచిన సన్నటి ఇనుప పొర తీస్తే చాలు.

గోదారిగట్టు:
గంటు పడిన బ్లేడును రాయితో ఎన్నాళ్లు రుద్దుతారు? దానికి మిషను తప్పదు. నీళ్లు పోస్తూ సాన పట్టే షాపు చూసుకోవాలి, అంతే. ఇంట్లో ఒక బ్లేడు ఎక్కువ, ఒకటి తక్కువ అరిగితే చక్రం అదురుతుంది, బేరింగులు పోతాయి.

వర్క్‌షాప్:
గంటు పడితే షాపే, ఒప్పుకుంటాను. బరువు తేడా షాపులోనూ వస్తుంది. ఎక్కడ పట్టించినా బ్లేడ్లన్నీ కలిపి పట్టించి, బిగించే ముందు త్రాసులో తూచుకోండి.

అసలు సంగతి ఎవరూ అడగలేదు. ఎదురుగా కదలకుండా ఉండే బ్లేడు చూశారా? మట్ట తెగేది తిరిగే బ్లేడుకూ దానికీ మధ్య. దాని అంచు గుండ్రంగా అరిగినా, సందు పెరిగినా, తిరిగే బ్లేడుకు ఎంత పదును పెట్టినా పీచే వస్తుంది. చాలా మిషన్లలో దాన్ని తిప్పి కొత్త అంచు వాడుకోవచ్చు. సందు ఎంతుండాలో మీ మిషను పుస్తకంలో ఉంటుంది, ఫీలర్ గేజితో, అంటే సందులో దూర్చి కొలిచే పల్చటి రేకులతో, కొలవండి. మూత తీసేముందు ట్రాక్టరు ఆపి, తాళం జేబులో వేసుకుని, ట్రాక్టరు నుంచి మిషనుకు శక్తినిచ్చే పీటీవో షాఫ్టు ఊడదీయండి. చక్రానికి చెక్క అడ్డం పెట్టండి. చేత్తో కదిపినా వేలు తెగుతుంది.

కొబ్బరితోట:
ఇప్పుడే చూశానండి. ఎదురు బ్లేడు అంచు బాగా గుండ్రంగా ఉంది, రెండో వైపు ఇంకా వాడనే లేదు. ముందు దాన్ని తిప్పి బిగిస్తాను.