ధనుష్కోటిలో అంత పెద్ద రైల్వే స్టేషన్ ఎందుకుండేది?

ఇసుకతిన్నె:
రామేశ్వరం వెళ్ళినప్పుడు ధనుష్కోటి కూడా చూసొచ్చాం. స్టేషన్ మొండిగోడలు, పక్కన నీళ్ళ ట్యాంకు తాలూకు కట్టడం ఇసుకలో అలాగే ఉన్నాయి. చూస్తుంటే మనసంతా అదోలా అయిపోయింది. జాలర్ల ఊరికి అంత స్టేషన్ ఎందుకు? తుపానుకి వంతెన పోయింది కాబట్టి రైలు ఆగిపోయిందని మా ఆటో అతను చెప్పాడు, నిజమేనా?

పాతపట్టాలు:
ఆ లైను ఊరి కోసం వేసింది కాదండీ, కొలంబో కోసం. 1914 ఫిబ్రవరిలో రామేశ్వరం దీవిని కలిపే పాంబన్ రైలు వంతెన తెరవకముందు మద్రాసు నుంచి సిలోన్ (ఇప్పటి శ్రీలంక) వెళ్ళాలంటే తూత్తుకుడి దాకా రైల్లో పోయి, అక్కణ్ణుంచి కొలంబోకి స్టీమర్ ఎక్కాలి, చాలా దూరం. ధనుష్కోటి నుంచి అవతల సిలోన్ ఒడ్డున ఉన్న తలైమన్నార్ ముప్పై కిలోమీటర్ల పైచిలుకు, అంతే. బోట్ మెయిల్ (మద్రాసు నుంచి వచ్చే రైలు) దిగి స్టీమర్ ఎక్కడం, అటు దిగి కొలంబో రైలెక్కడం, అన్నిటికీ ఒకటే టికెట్. అందుకే అంత చిన్న ఊళ్ళో కస్టమ్స్ ఆఫీసు, పోస్టాఫీసు కూడా ఉండేవి. మీరు చూసిన ట్యాంకు ఆవిరి ఇంజన్లకి నీళ్ళు పట్టడానికి. అక్కడ తాగే నీళ్ళకే కష్టం, ఇంజన్ దాహం ఎలా తీర్చేవారో ఆలోచించండి!

గాలివాన:
ఆటో అతను చెప్పింది సగమే నిజం. 1964 డిసెంబర్ 22 రాత్రి తుపానుకి వంతెన గర్డర్లు చాలావరకు సముద్రంలో పడిపోయాయి కానీ, ఓడల కోసం తెరుచుకునే మధ్యభాగం నిలిచింది. శ్రీధరన్ గారు (తర్వాత ఢిల్లీ మెట్రో కట్టించింది ఆయనే) మునిగిన గర్డర్లు పైకి తీయించి 46 రోజుల్లో వంతెన నిలబెట్టారు. రామేశ్వరానికి రైలు మళ్ళీ వచ్చింది. రానిది ధనుష్కోటికే. ఆ రాత్రి పాంబన్ నుంచి వస్తున్న 653 నంబరు ప్యాసింజర్‌ని, ఇంకాస్త దూరంలో స్టేషన్ ఉందనగా ఉప్పెన ముంచేసింది. రైల్లో ఉన్నవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

ఇసుకతిన్నె:
ఇది తెలియక ఆ గోడల ముందు నవ్వుతూ ఫోటోలు దిగాం, ఇప్పుడు చాలా బాధగా ఉంది. వంతెన అంత త్వరగా బాగుచేసినవాళ్ళు ఆ కాస్త లైను ఎందుకు వదిలేశారు?

పాతపట్టాలు:
ఊరు నివాసానికి పనికిరాదని ప్రభుత్వమే ప్రకటించింది. స్టీమర్లు రామేశ్వరం నుంచి నడిపారు, శ్రీలంకలో యుద్ధం మొదలయ్యాక 1980ల్లో అవీ ఆగిపోయాయి. ఇక రైలు ఎవరి కోసం వెళ్ళాలి? 2019లో కొత్త లైనుకి శంకుస్థాపన అయితే చేశారు, పట్టాలు మాత్రం ఇంకా పడలేదు.